పై అంతస్తులో సన్నధార

మదీనాలో మేముండే బిల్డింగుకి అయిదంతస్తులు. మా ఇల్లు పైనే. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు నాకు నచ్చినవి రెండు. ఒకటి, వంటింటి కిటికీలోంచి ఉత్తరాన ఎర్రగా కనిపించే ఉహుద్ కొండ. రెండోది, నీళ్ళ ట్యాంకు సరిగ్గా మా నెత్తి మీదే ఉండటం. "ట్యాంకు పక్కనే ఇల్లు, ఇక నీళ్ళకి కొదవేముంది?" అనుకున్నాను. నీళ్ళకోసం రాత్రి పన్నెండింటికి లేచిన ఊరి నుంచి వచ్చినదాన్ని కదా, నా లెక్కలు అలాగే ఉంటాయి.

చేరిన మర్నాడు షవర్ తిప్పితే మజ్జిగ వంపినట్టు సన్నధార. తలకి పెట్టిన షాంపూ పోవడానికి పావుగంట పట్టింది. కింది అంతస్తు సిరియా ఆవిడ ఇంట్లో మాత్రం కుళాయి తిప్పితే గిన్నెలోంచి నీళ్ళు ఎగిరి మొహాన కొడతాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. బిల్డింగు చూసుకునే హారిస్ మనవాడే, నిజామాబాద్ వైపు అబ్బాయి. పిలిచి అడిగాను. ఏదో వాల్వు తిప్పి నా నీళ్ళు కిందికి పంపిస్తున్నారేమో అని నా అనుమానం.

అతను నవ్వాడు. "అట్ల కాదక్కా. ట్యాంకు దగ్గరుంటే నీళ్ళు జోరుగ రావు. ట్యాంకు నుంచి ఎంత కిందికుంటే అంత జోరు. నీ షవరుకు, ట్యాంకుకు మధ్యల నిలువెత్తు మనిషంత గూడ లేదు. కిందోళ్ళకు నాలుగంతస్తుల నీళ్ళు మీద కూసున్నయి."

నాలుగంతస్తుల నీళ్ళు మీద కూర్చోవడం. ఎనిమిదో తరగతిలో పీడనం, సాంద్రత అంటూ బట్టీ పట్టిన పాఠం నాకు ఆ ఒక్క మాటతో అర్థమైంది.

దీనికో చిన్న లెక్క ఉంది. మీ ఇంట్లో కూడా వేసుకోవచ్చు. పది మీటర్ల ఎత్తు నీళ్ళు నిలబడితే, దాని అడుగున మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత ఒత్తిడి అదనంగా పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు. మా షవరుకీ ట్యాంకుకీ మధ్య రెండు మీటర్లు. అంటే అయిదో వంతు మాత్రమే. కింది ఇంటికి మరో పద్నాలుగు మీటర్లు కలిసి పదహారు. మాకంటే ఎనిమిది రెట్లు. ఎవరూ వాల్వు తిప్పలేదు, ఎవరూ ఎవరి నీళ్ళూ లాక్కోలేదు. భూమి తన పని తను చేస్తోంది.

ఇందులో మనం తరచూ పొరబడే సంగతి ఒకటుంది. ట్యాంకు పెద్దదైతే ధార పెరుగుతుందనుకుంటాం. పెరగదు. అయిదు వందల లీటర్ల ట్యాంకైనా, అయిదు వేల లీటర్లదైనా నీటిమట్టం ఒకే ఎత్తులో ఉంటే ఒత్తిడి ఒకటే. పెద్ద ట్యాంకు ఎక్కువసేపు ఇస్తుంది, గట్టిగా ఇవ్వదు. నమ్మకపోతే పిల్లలతో ఓ పని చేయించండి. ఖాళీ నీళ్ళ సీసాకి పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి బెజ్జాలు పెట్టి నీళ్ళు నింపండి. పైదాంట్లోంచి నీళ్ళు నీరసంగా కారతాయి, అడుగుదాంట్లోంచి చిమ్ముతాయి. మా అమ్మాయి సింకు దగ్గర ఈ పని చేసి వంటిల్లంతా తడిపింది. నేను తిట్టలేదు.

మాది మార్కాపురం దగ్గర పల్లె. పలకలకి పేరున్న ఊరది. నీళ్ళకి మాత్రం ఎప్పుడూ కరువే. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. మా చిన్నతనంలో పళ్ళు పచ్చబడ్డ పిల్లలు, నడుం వంగిన నడివయసు వాళ్ళు ప్రతి వీధిలో కనిపించేవాళ్ళు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కుళాయి దగ్గర మాత్రం రెండూ కలిపిన తిట్లు. అక్కడి నుంచి ఈ ఎడారికి వచ్చాక ఎవరైనా "అక్కడ నీళ్ళెలా?" అని జాలిగా అడిగితే నవ్వొస్తుంది. నా జీవితంలో రోజంతా కుళాయిలో నీళ్ళు చూసింది ఇక్కడే.

వచ్చిన మూడో ఏడు చేతిలో కాస్త డబ్బు ఆడింది. మా అమ్మ ఇంటికి మోటారు పెట్టించమని తమ్ముడికి పంపించాను. పంచాయతీ కుళాయి లైనుకే నేరుగా బిగించేది. మా వీధిలో అందరూ పెట్టుకున్నారు. అప్పటికి అరవై దాటిన అమ్మ బిందెలు మోయకూడదన్నది ఒక్కటే నా ఆలోచన. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోలు కదా. మోటారు పెట్టాక తమ్ముడు వీడియో పంపాడు. డాబా మీది ట్యాంకు అరగంటలో నిండింది. నేనిక్కడ వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

పోయిన శీతాకాలంలో అమ్మ ఉమ్రాకి వచ్చింది. హైదరాబాదులో విమానమెక్కి ఇక్కడ దిగేసరికి కాళ్ళు గుమ్మడికాయల్లా వాచిపోయాయి. కంగారుపడి డాక్టరుకి చూపిస్తే, అన్నీ బాగానే ఉన్నాయి, గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడం వల్ల వచ్చిన వాపని చెప్పాడు. ఇదీ మా ట్యాంకు కథే. కూర్చున్నా నిలబడ్డా గుండె పైన ఉంటుంది, పాదాలు కింద. ఆ ఎత్తు రక్తం పాదాల్లోని నాళాల మీద కూర్చుంటుంది. నడుస్తుంటే పిక్కల కండరాలు మోటారులా పిండి పైకి పంపుతాయి. కదలకపోతే ఆ మోటారు ఆగినట్టే. అందుకే విమానంలో మధ్యమధ్యలో లేచి నడవమనేది. బీపీ చూసేటప్పుడు చెయ్యి గుండె ఎత్తులో పెట్టమనేదీ, సెలైన్ సీసా పైకి వేలాడదీసేదీ ఇందుకే. కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెడితే అమ్మకి మర్నాటికి వాపు చాలావరకు దిగింది. ఇలా దిగకపోయినా, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మూడో రోజు స్నానానికి వెళ్ళిన అమ్మ ఎంతకీ రాలేదు. తలుపు కొడితే, "షవరొద్దులే, బకెట్టు పట్టుకుంటున్నా" అంది. నేను పై అంతస్తు సంగతంతా ఉత్సాహంగా చెప్పాను. అమ్మ తల తుడుచుకుంటూ విని, "అయితే మిట్ట మీదున్న వాళ్ళకి నీళ్ళు ఎక్కవన్నమాట. చివరింటి పెద్దమ్మకి కుళాయి రావట్లా" అంది.

ఎప్పటినుంచి అని అడిగాను. అమ్మ నా మొహంలోకి చూడలేదు. "మనం మోటారు పెట్టిన కాణ్ణించి."

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. అమ్మకి ఒంట్లో బాగాలేని రోజుల్లో నాకు జడలేసి బడికి పంపింది ఆమె. నా పెళ్ళికి ఆమె తెచ్చిన స్టీలు క్యాను ఇప్పటికీ మా ఊరి ఇంట్లో ఉంది. ఒంటరి మనిషి. వాళ్ళ ఇల్లు వీధి చివర, కాస్త మిట్ట మీద. అంతకుముందే మిగతా మోటార్ల వల్ల ఆమెకి నీళ్ళు తక్కువ. మాది ఆమె ఇంటికి ముందున్న చివరి కుళాయి. మాదీ మొదలయ్యాక ఆ కాసిన్నీ ఆగిపోయాయి. డెబ్భై ఏళ్ళ మనిషి మినరల్ ప్లాంటు నుంచి క్యాన్లు కొనుక్కుంటోంది, వాడుక నీళ్ళకి నాలుగు ఇళ్ళు తిరుగుతోంది. "నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు. ఎంతో ప్రేమగా పంపావు గదా" అంది అమ్మ.

ఆ రోజు నేను వంట సరిగా చెయ్యలేదు.

తర్వాత మా అమ్మని మసీదు నుంచి ఖుబాకి నడిపించుకు వెళ్ళాను. మూడు కిలోమీటర్ల పైచిలుకు దారి, ఇప్పుడు నడిచేవాళ్ళకోసమే చక్కగా వేశారు. సాయంత్రం పూట పిల్లల బళ్ళు, టీ కొట్లు, ఖర్జూరాల బుట్టలతో తిరునాళ్ళలా ఉంటుంది. ఖుబా ఊరికి దక్షిణాన ఉంది. ఆ పక్కదాన్ని పూర్వం నుంచీ అవాలి అంటారు, అంటే ఎగువ ప్రాంతం అని. నడుస్తుంటే తెలియదు కానీ నేల ఆ వైపు మెల్లగా ఎత్తవుతుంది. వానొస్తే నీళ్ళు దక్షిణం నుంచి ఉత్తరానికి, ఉహుద్ వైపు పారతాయి. మన దగ్గర ఎగువూరు, దిగువూరు అన్నట్టే ఇక్కడివాళ్ళూ నీళ్ళు చూసి పేరు పెట్టుకున్నారు.

ఆ పల్లాన్ని నమ్ముకునే పదమూడు వందల ఏళ్ళ పాటు ఈ ఊరు నీళ్ళు తాగింది. ఏడో శతాబ్దంలో మర్వాన్ ఇబ్న్ అల్ హకమ్ ఇక్కడ గవర్నరుగా ఉన్నప్పుడు, ఖలీఫా ముఆవియా ఆజ్ఞ మీద, ఖుబా దగ్గరి బావి నుంచి ఊళ్ళోకి నేల లోపల కాలువ తవ్వించాడు. దాన్ని ఐన్ అజ్జర్ఖా అన్నారు, నీలి ఊట అని. మర్వాన్‌వి నీలి కళ్ళట, అందుకే ఆ పేరని చెబుతారు. మోటారు లేదు, ఏతం లేదు. ఎగువన బావి, దిగువన ఊరు, మధ్యలో కొలిచి తవ్విన వాలు. వాలు మరీ ఎక్కువైతే నీళ్ళు మట్టిని కోసేస్తాయి, తక్కువైతే నిలిచి పాచి పడతాయి. కాలువ భూమిలోపల ఉంది కాబట్టి ఎండకి ఆవిరైపోదు. పైప్రెషరుతో నీళ్ళు పైకి రావు కాబట్టి జనమే మెట్లు దిగి వెళ్ళి కడవలు నింపుకునేవాళ్ళు. 1853లో మారువేషంలో ఇక్కడికి వచ్చిన ఇంగ్లీషువాడు రిచర్డ్ బర్టన్ కూడా ఈ కాలువ గురించీ ఆ మెట్ల గురించీ రాశాడు.

అమ్మ ఇదంతా విని, "మెట్లు దిగి తెచ్చుకునేటప్పుడు ఒకళ్ళ కడవ నిండితే ఇంకొకళ్ళది ఎండదు" అంది. సన్నగా అన్నా నాకు గట్టిగా తగిలింది.

మర్నాడు ఊరికి వాయవ్యంగా ఉన్న రూమా బావి వైపు వెళ్ళాం. ఉస్మాన్ బావి అంటారు. చుట్టూ ఖర్జూరపు తోట. ప్రవక్త కాలంలో ఆ బావి యజమాని నీళ్ళు అమ్మేవాడని, కొనలేనివాళ్ళు ఇబ్బంది పడేవాళ్ళని, ఉస్మాన్ ఇబ్న్ అఫ్ఫాన్ దాన్ని కొని అందరికీ వదిలేశాడని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. మొదట సగమే కొన్నాడట. ఒక రోజు ఆయన వంతు, ఒక రోజు అమ్మేవాడి వంతు. జనం ఆయన వంతు రోజునే రెండు రోజులకి సరిపడా తోడుకునేసరికి, రెండో సగం కూడా అమ్మక తప్పలేదట. కథ చెప్పి నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. తనకి పెద్దమ్మే గుర్తొచ్చిందని నాకు తెలుసు, నాకూ ఆమే గుర్తొచ్చింది.

ఇప్పుడు మదీనా తాగేది ఎర్రసముద్రం నీళ్ళు. పడమట తీరాన ఉన్న యన్బూలో ఉప్పు తీసి, గొట్టాల్లో ఇక్కడికి పంపుతున్నారు. 1980ల నుంచీ ఇదే ఆధారం. ఆ వారాంతం మావారు మమ్మల్ని సముద్రం చూపించడానికి యన్బూ తీసుకెళ్ళారు. దారి పొడుగునా నల్లరాళ్ళ కొండలు. కారు దిగుతూనే ఉంటుంది, ఎందుకంటే మదీనా సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మా వంటింట్లో నేను బియ్యం కడిగే ప్రతి చెంబునూ సముద్రపు ఒడ్డు నుంచి ఎవరో 600 మీటర్లు పైకి నెట్టాలి. పది మీటర్లకి ఒక వాతావరణం లెక్కన అరవై. గొట్టంలో రాపిడి అదనం. ఒకే పంపు అంత నెట్టాలంటే గొట్టాలు తట్టుకోవాలి కదా, అందుకే మధ్యమధ్యలో పంపింగ్ స్టేషన్లు ఉంటాయి. ఆ లెక్క తెలిశాక కుళాయి ఊరికే వదిలెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

ఒడ్డున కూర్చున్నప్పుడు మా అమ్మాయి ప్రశ్నలు మొదలుపెట్టింది. సముద్రం అడుగున ఎంత బరువుంటుంది? అన్నిటికంటే లోతైన మరియానా అగాధం దాదాపు 11 కిలోమీటర్లు, అంటే వెయ్యి వాతావరణాల పైమాటే అన్నాను. మరి మన ట్యాంకుని చంద్రుడి మీద పెడితే? అక్కడ ఆకర్షణ ఆరో వంతే, అసలే సన్నగా వచ్చే మన షవరు ఇంకా నీరసపడుతుంది అన్నాను. అంతరిక్షంలో తిరిగే స్టేషనులో అయితే షవరే ఉండదు. అక్కడ నీళ్ళు కిందికి పడవు, ఉండలా తేలతాయి. కాళ్ళలోకి దిగాల్సిన నీరు పైకి సర్దుకుని వ్యోమగాముల మొహాలు ఉబ్బుతాయి, కాళ్ళు సన్నబడతాయి. అమ్మ తన పాదాల వైపు చూసుకుని, "అయితే నాకు అక్కడే బాగుంటుందిలే" అంది.

నేనప్పుడు కంభం చెరువు గుర్తుచేశాను. అమ్మ పుట్టిల్లు ఆ వైపే. రెండు కొండల నడుమ గుండ్లకమ్మని ఆపి కట్టిన ఆ చెరువు విజయనగర కాలం నాటిది. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. ఆ కట్ట పైన సన్నం, అడుగున వెడల్పు. లోతు పెరిగిన కొద్దీ నీళ్ళు గట్టిగా నెడతాయని ఆ కట్టినవాళ్ళకి తెలుసు. చెరువు ఎంత దూరం పరుచుకుందన్నది కాదు, కట్ట దగ్గర ఎంత లోతుందన్నదే లెక్క. మా వైపు వెలిగొండ ప్రాజెక్టు కూడా పల్లాన్ని నమ్మిందే. 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి మోటార్లు లేకుండా నీళ్ళు రావాలని నల్లమల కింద 18 కిలోమీటర్లకి పైగా పొడవైన రెండు సొరంగాలు తవ్వారు. ఆ శంకుస్థాపన నాటికి పుట్టిన పిల్లలకి ఇప్పుడు పిల్లలున్నారు.

తిరిగి వచ్చాక హారిస్ తమ్ముణ్ణి కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఊళ్ళో సంగతి చెప్పాను. అతను నన్ను కిందికి తీసుకెళ్ళి బిల్డింగు నేలలో ఉన్న సంపు మూత తీసి చూపించాడు. సర్కారు లైను నీళ్ళు తమంతట తామే వచ్చి దీంట్లో పడతాయి. నిండగానే తేలే బంతి పైకి లేచి వాల్వు మూసేస్తుంది. మోటారు ఉన్నది ఈ సంపులోంచి పై ట్యాంకుకి ఎక్కించడానికే. "లైనుకు మోటరు పెడితే ఏమైతదంటే అక్కా, అది గొట్టంల ఉన్న ఒత్తిడంత పీల్చేస్తది. అవతలోళ్ళకు గాలే. ఇంకోటి, గొట్టానికి ఏడనన్న చిల్లు ఉంటే పక్క మోరీ నీళ్ళు సుత లోపలికి గుంజుకుంటది. ఆ నీళ్ళే మీ అమ్మ తాగుతది."

ఈ రెండో సంగతి నాకు తట్టనే లేదు. మామూలుగా గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లులోంచి నీళ్ళు బయటికి కారతాయి. మోటారు పీలిస్తే అదే చిల్లు లోపలికి తాగుతుంది. అమ్మ కోసం పంపానన్న నీళ్ళలో ఇదీ ఉంది.

అమ్మ వెళ్ళేలోపే తమ్ముడితో మాట్లాడాను. వాడికి కోపమొచ్చింది. "వీధిలో అందరికీ ఉన్నాయి. మనమొక్కళ్ళం తీసేస్తే ఏమవుద్ది?" అన్నాడు. న్యాయమైన మాటే. నా దగ్గర పెద్ద జవాబు లేదు. "చివరింటికి ముందున్నది మనమే" అన్నాను. ఇంటి ముందు అరుగు పక్కన చిన్న సంపు తవ్వించాం. అక్కడా ఒక మెలిక ఉంది. సంపు నేలకంటే పల్లంలో ఉంటుంది కాబట్టి పెద్ద గొట్టం పెట్టి నోరు తెరిచి వదిలేస్తే అదీ వీధి నీళ్ళన్నీ తాగేస్తుంది. అందుకని అరంగుళం గొట్టమే ఉంచి, బంతి వాల్వు పెట్టించాం. లైను మీది మోటారు విప్పి సంపుకి మార్చారు. ఖర్చు నేను నెలనెలా దాచుకున్న బంగారు గాజుల డబ్బులోంచి వెళ్ళింది. గాజులు ఇంకో ఏడాది ఆగుతాయి.

ఇప్పుడు పెద్దమ్మ కుళాయి వస్తోందా? వస్తోంది, కానీ కథల్లోలా కాదు. నీళ్ళు వదిలిన మొదట్లో, అందరి మోటార్లూ అందుకునేలోపు, రెండు మూడు బిందెలు పడుతున్నాయట. వేసవిలో అవీ అనుమానమే. పక్కింటివాళ్ళు మా సంపు చూసి ఖర్చెంతైందని అడిగారట. తమ్ముడు లెక్క చెప్పాడట. ఇంకా ఎవరూ తవ్వలేదు. మా సంపు నిండాక అమ్మ ఒక గొట్టం పెద్దమ్మ తొట్టి దాకా లాగి వదులుతోంది.

మనలో చాలామందిమి ఇక్కడి నుంచి డబ్బు పంపి అమ్మావాళ్ళ కష్టం తగ్గించాలనుకుంటాం. తప్పు కాదు. మీరూ మోటారుకి పంపాలనుకుంటే ముందు ఫోన్ చేసి రెండు మాటలు అడగండి. అది లైనుకి పెడుతున్నారా, సంపుకి పెడుతున్నారా? మనింటి తర్వాత ఎవరిల్లుంది?

మొన్న శుక్రవారం పెద్దమ్మ అమ్మ ఫోన్లోంచి మాట్లాడింది. మోటారు మాటే ఎత్తలేదు. "అక్కడ నీళ్ళు బాగా వస్తాయంటమ్మా?" అని అడిగింది. "మాది పై అంతస్తు పెద్దమ్మా, సన్నగా వస్తాయి" అన్నాను. "అయ్యో తల్లీ, మాకులాగే" అంది. షవరుకి చిన్న పంపు పెట్టిస్తానని హారిస్ తమ్ముడు అంటూనే ఉన్నాడు. ఇంకా సరేననలేదు. బకెట్టు పట్టుకుని పోసుకుంటున్నాను.